అంచుల చీకటి: విశాలకోణ కటకం, ఉత్తరాంధ్ర శాసన స్తంభాలు

శాసన పాఠాన్ని నిర్ణయించే పరిశోధకుని ముందు సాధారణంగా మూడు ఆధారాలుంటాయి. మొదటిది రాయి. రెండవది రాతిపై తడికాగితం అద్ది తీసిన ప్రతిముద్ర. మూడవది ఛాయాచిత్రం. మొదటి రెండింటి గుణదోషాలు శాసన పరిశోధకులకు తెలియనివి కావు. రాయి అరుగుతుంది, సున్నపు పూతల కింద మూసుకుపోతుంది. ప్రతిముద్ర తీసేవాని చేతివాటాన్ని బట్టి మారుతుంది. ఛాయాచిత్రం మాత్రం యంత్రం తీసినది గనుక దానికి పక్షపాతం ఉండదన్న భావం పాతుకుపోయింది. ఇరుకైన చోట విశాలకోణ కటకంతో తీసిన చిత్రాల విషయంలో ఈ భావం నిలవదు. అటువంటి చిత్రం మధ్యభాగానికి ఇచ్చినంత వెలుగు అంచులకు ఇవ్వదు. ఇది ఛాయాగ్రాహకుని అజాగ్రత్త వల్ల వచ్చే లోపం కాదు, కటకం జ్యామితిలోనే ఉన్న గుణం. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల దేవాలయ మండపాలను, కొండవాలు శిథిలాలను ఉదాహరణలుగా తీసుకొని ఈ కాంతి క్షీణత స్వరూపాన్ని, దాన్ని సవరించడానికి పుట్టిన సెంటర్ ఫిల్టర్ చరిత్రను, శాసన పఠనానికి ఈ రెండింటితో ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మండపంలో చోటు

శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి గర్భాలయం చుట్టూ ఉన్న ప్రదక్షిణ మండప స్తంభాలు తెలుగు శాసనాలకు పెద్ద నిలయం. తూర్పు గాంగుల కాలం నుంచి శతాబ్దాల పాటు వేసిన దానశాసనాలు ఆ స్తంభాల ముఖాలపై ఉన్నాయి. ద్వైత సంప్రదాయాచార్యుడు నరహరితీర్థుని శక వర్షం 1203, అనగా క్రీ.శ. 1281 నాటి శాసనం కూడా ఇక్కడిదే. ఇక్కడి పాఠాలు, ముఖలింగం పాఠాలు దక్షిణ భారత శాసనాల 5వ సంపుటంలో 1925లో వెలువడ్డాయి. ఉత్తరాంధ్ర చరిత్రనూ భాషనూ అధ్యయనం చేసేవారికి ఆ సంపుటం నిత్యావసర గ్రంథం.

మండపాన్ని కట్టినవారు ప్రదక్షిణం చేసే భక్తుణ్ణి దృష్టిలో పెట్టుకున్నారు. ఆ రాతిముఖాలను ఎప్పుడో ఒకరు దూరంగా నిలబడి చూడవలసి వస్తుందని వారు అనుకోలేదు. స్తంభానికి ఎదురుగా మరో స్తంభమో గోడో ఉంటుంది. మూడుకాళ్ల పీటపై పెద్ద పలక కెమెరాను నిలిపి వెనక్కి జరగాలంటే వీపు రాతికి తగులుతుంది. స్తంభం ముఖంపై 2 మీటర్ల ఎత్తున శాసనం ఉందని, కటకం దాని నడిమి ఎత్తులో 1 మీటరు దూరాన ఉందని అనుకుందాం. శాసనం పై అంచు, కింది అంచు కటకం అక్షానికి 45 డిగ్రీల కోణంలో పడతాయి. అంటే మొత్తం 90 డిగ్రీలు చూడగల కటకం కావాలి. 2 మీటర్ల దూరం దొరికితే ఆ అర్ధకోణం సుమారు 26.5 డిగ్రీలకు తగ్గుతుంది. 3 మీటర్లు దొరికితే 18.5 డిగ్రీలకు కొంచెం తక్కువ. ఒక్క మీటరు జాగా ఎంత తేడా తెస్తుందో కింది లెక్కలో తెలుస్తుంది.

కాంతి ఎందుకు తగ్గుతుంది

యోహాన్ హైన్‌రిక్ లాంబర్ట్ 1760లో కాంతిమితిపై వెలువరించిన గ్రంథంలోని సూత్రాలే ఈ లెక్కకు మూలం. సమానంగా వెలిగే గోడ ఒకటి కెమెరా ముందుందనుకుంటే, పలక మధ్యకు వచ్చే కిరణాలు నేరుగా వస్తాయి. అంచుకు పోయే కిరణాలు ఏటవాలుగా పోతాయి, అందువల్ల అవి మూడు విధాలుగా నష్టపోతాయి. కటకం నుంచి పలక అంచు దూరం ఎక్కువ, దూరం వర్గానికి విలోమంగా వెలుగు తగ్గుతుంది. ఏటవాలుగా పడిన కాంతి ఎక్కువ వైశాల్యంపై పరచుకుంటుంది, సాయంత్రపు ఎండ నేలపై పలచబడినట్లు. ఇక కటకంలోని గుండ్రటి రంధ్రం పక్కనుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారంలో సన్నబడి కనిపిస్తుంది, కాబట్టి లోపలికి వచ్చే కాంతే తక్కువ. మొదటి కారణం కోసైన్ వర్గాన్ని తెస్తుంది. మిగిలిన రెండూ ఒక్కొక్క కోసైన్‌ను తెస్తాయి. మొత్తం కలిపి కోణపు కోసైన్ నాలుగవ ఘాతం.

పై ఉదాహరణకు దీన్ని వర్తింపజేస్తే, 1 మీటరు దూరం నుంచి తీసిన చిత్రంలో శాసనం పై అంచుకు అందే వెలుగు మధ్యలో అందేదానిలో నాలుగో వంతు. ఛాయాగ్రాహకుల పరిభాషలో 2 స్టాపులు తక్కువ. ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం. 2 మీటర్ల నుంచి తీస్తే అంచున 64 శాతం, 3 మీటర్ల నుంచి తీస్తే 81 శాతం మిగులుతుంది. మామూలు కటకాలతో దూరం నుంచి తీసేవారికి ఈ సమస్య తెలియకుండానే గడిచిపోవడానికి కారణమిదే. కోణం పెరిగేకొద్దీ నష్టం మొదట మెల్లగా, ఆపైన వేగంగా పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర పదహారో వంతు మాత్రమే మిగులుతుంది. కటకం గొట్టం అంచులు అడ్డుపడడం వల్ల కలిగే నష్టం ఇంకొకటుంది. అది రంధ్రాన్ని చిన్నది చేస్తే పోతుంది. జ్యామితి వల్ల వచ్చే నష్టం రంధ్రాన్ని ఎంత చిన్నది చేసినా పోదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, రంధ్రం మూశాం గనుక అంచులు సరిపోయాయనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

అంచుల్లో ఏముంటుంది

తోటను చిత్రిస్తే అంచులు మసకబారినా పెద్దగా పోయేదేమీ లేదు. కొందరు చిత్రకారులు దాన్ని కోరి తెచ్చుకుంటారు కూడా. శాసనం సంగతి వేరు. తెలుగు దానశాసనాలు తరచుగా స్వస్తివాచకంతోనో శకవర్ష నిర్దేశంతోనో మొదలై, దాత పేరు, దానం వివరాల మీదుగా సాగి, ధర్మాన్ని చెరచినవారికి పాపఫలం చెప్పే వాక్యాలతోనో శ్లోకంతోనో ముగుస్తాయి. నిలువు స్తంభం మీద ఈ క్రమాన్ని పరిచి చూస్తే కాలనిర్దేశం పై అంచున, ముగింపు కింది అంచున ఉంటాయి. ప్రతి పంక్తి మొదలూ తుదీ కూడా అంచులే. చారిత్రకంగా అన్నిటికంటే విలువైన మాట, అంటే సంవత్సరం, వెలుగు అతి తక్కువగా అందే చోట పడుతుంది. మధ్యలో నిండు వెలుగులో కనిపించేది చాలాసార్లు బిరుదావళి. అది ఇతర శాసనాల సాయంతోనూ పూరించగలిగే భాగం.

తెలుగు లిపి స్వభావం ఈ చిక్కును పెంచుతుంది. అక్షరం ఒడ్డూపొడుగూ కనిపించినా దాని గుణింతపు గుర్తు పైన, ఒత్తు కింద, చిన్న వంపుల్లో ఉంటుంది. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక మెలిక. ౨, ౩ అంకెల మధ్య తేడా ఒక వంపు. మసకలో పెద్ద గీతలు నిలుస్తాయి, ఈ చిన్న గుర్తులే ముందు పోతాయి.

మసక అంటే కేవలం నలుపు పెరగడం కాదు. హర్టర్, డ్రిఫీల్డ్‌లు 1890లో ప్రకటించిన పరిశోధన ప్రకారం పలకపై పడిన కాంతికీ అక్కడ ఏర్పడే సాంద్రతకూ ఉన్న సంబంధాన్ని ఒక వక్రరేఖగా గీయవచ్చు. వెలుగు సరిపడినంత ఉన్నచోట ఆ రేఖ నిటారుగా లేస్తుంది. అక్కడ రాతికీ అక్షరపు గాడికీ ఉన్న తేడా పలకపై తేడాగానే నిలుస్తుంది. వెలుగు చాలనిచోట రేఖ పాదభాగంలో చదునుగా పడుకుంటుంది. అక్కడ రాయీ గాడీ రెండూ ఒకే సాంద్రతకు దగ్గరవుతాయి. అచ్చులో ఆ భాగాన్ని ఎంత లేతగా తీసినా తేడా తిరిగి రాదు. ఆపైన ఆ చిత్రం చుక్కల అచ్చుదిమ్మెగా మారి పుస్తకంలోకి వచ్చేసరికి ముదురు భాగాలు మరింత పూడుకుపోతాయి. పాత నివేదికల్లోని ఫలకాన్ని భూతద్దం కింద చూసి, అక్షరాలు శిథిలమైనట్లు గుర్తు పెట్టే ముందు ఈ ప్రయాణమంతా గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ప్రతిముద్ర ఎందుకు నిలిచింది

గిడుగు వెంకట రామమూర్తి పంతులు 1863లో ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకొని ముఖలింగ దేవాలయ శాసనాలను చదివారు. గాంగుల కళింగనగరం ఈ ముఖలింగమేనని ప్రతిపాదించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా వారికి లభించిన ఖ్యాతి ముందు ఈ శాసనకృషి కొంత వెనుకబడింది. రాతి ఎదుట నిలబడి, వేళను బట్టి మారే వెలుగులో అక్షరాన్ని పోల్చుకునే ఆ పద్ధతికి కటకంతో పనిలేదు. చూపు ఎటు తిరిగితే అటే కేంద్రం. కంటికీ కటకానికీ ఉన్న ముఖ్యమైన భేదం ఇక్కడే ఉంది. చదివే కన్ను కదులుతుంది, కెమెరా ఒక్కచోటనే ఉండి అంతటినీ ఒక్కసారి చూడబోతుంది.

ప్రభుత్వ శాసనశాఖ పద్ధతి ప్రతిముద్ర. రాతిని కడిగి, తడికాగితం పరచి, కుచ్చుతో కొట్టి అక్షరపు గాళ్లలోకి దించి, మీద సిరా అద్దుతారు. రాతి ఉపరితలం నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. కాగితం రాతిని అంటిపెట్టుకొని ఉంటుంది కనుక పై పంక్తికీ నడిమి పంక్తికీ దూరంలో భేదం లేదు. ఏ కోణమూ లేదు, ఏ కోసైనూ లేదు. తర్వాత ఆ కాగితాన్ని చదునుగా పరచి, సమానమైన వెలుగులో, పొడవైన నాభ్యంతరమున్న కటకంతో ఛాయాచిత్రం తీసి ఫలకంగా అచ్చువేస్తారు. వస్తువును ఉన్న పరిమాణంలోనే తీసేటప్పుడు పలక కటకానికి నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో ఉంటుంది, కోణం బాగా తగ్గుతుంది. ఎపిగ్రాఫియా ఇండికా ఫలకాల్లో పై పంక్తీ కింది పంక్తీ ఒకే తీరుగా కనిపించడంలోని రహస్యమిది. కెమెరా అక్కడా ఉంది, కానీ మండపంలో కాదు, అనుకూలమైన గదిలో.

ప్రతిముద్ర చౌక గనుక, అలవాటు గనుక నిలిచిందని చెప్పడం పరిపాటి. చౌక అన్నది నిజమే. కానీ ఇరుకు మండపాల్లో అది ఛాయాచిత్రం కంటే మెరుగైన సాక్ష్యమన్నది కూడా అంతే నిజం. అయితే రాతిరంగు, పగుళ్ల వయసు, పక్కనున్న శిల్పంతో శాసనానికి గల సంబంధం, అక్షరం గాడి లోతు వంటివి ప్రతిముద్రలో రావు. వాటికి ఛాయాచిత్రమే దిక్కు. శ్రీకూర్మం గోడల మీది కుడ్యచిత్రాలకైతే ప్రతిముద్ర అన్న ప్రసక్తే లేదు.

ముక్కలుగా తీయడం

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఛాయాగ్రాహకుడిగా 1856లో నియమితుడైన కెప్టెన్ లినేయస్ ట్రైప్ ఈ సమస్యను వేరే దారిలో దాటాడు. ఉత్తర సర్కారుల కమీషనరుగా పనిచేసిన వాల్టర్ ఇలియట్ సేకరణకు చెందిన అమరావతి శిల్పాలను మద్రాసు మ్యూజియంలో 1858లో చిత్రించినవాడు ఇతడే. అదే కాలంలో తంజావూరు బృహదీశ్వరాలయం అధిష్ఠానం మీది శాసనాన్ని 21 చిత్రాలుగా తీసి, అంచులు కలిపి, 19 అడుగులకు పైబడిన ఒకే పట్టీగా అతికించాడు. ఒక్క విశాలదృశ్యం కోసం ప్రయత్నించకుండా కెమెరాను గోడ వెంట జరుపుతూ పోవడం ఇందులోని కిటుకు. ప్రతి భాగమూ ఏదో ఒక చిత్రంలో మధ్యకు వస్తుంది. ఒక రకంగా ఇది చదివే కంటి పద్ధతి. ఖర్చూ శ్రమా అధికం కనుక ఇది ఆనవాయితీ కాలేదు. 21 పలకలు సిద్ధం చేసి, ఒకే వెలుగు ఉండగా ముగించి, అచ్చులన్నీ ఒకే ఛాయలో తేవాలి.

అదే దశాబ్దం చివర థామస్ సట్టన్ 1859లో నీరు నింపిన గోళాకార కటకాన్ని రూపొందించాడు. దాని పలక వంపు తిరిగి ఉండేది. పలక వంగితే అంచు కూడా కటకానికి మధ్య ఉన్నంత దూరంలోనే ఉంటుంది, కిరణాలు నేరుగా పడతాయి, నష్టంలో ఎక్కువ భాగం తీరిపోతుంది. వంగిన గాజుపలకలకు పూత పూయడం, వాటిని మోసుకుపోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. 1860ల గ్లోబ్ కటకం, ఎమిల్ బుష్ పాంటోస్కోప్ మళ్లీ చదును పలకకే వచ్చాయి. వాటితోపాటు అంచుల చీకటీ వచ్చింది.

హైపర్‌గాన్ విసనకర్ర

1900లో బెర్లిన్‌లోని గెర్జ్ సంస్థకు ఎమిల్ ఫాన్ హెగ్ రూపొందించిన హైపర్‌గాన్ ఈ చరిత్రలో మలుపు. ఎదురెదురుగా నిలిపిన రెండు పలుచని గాజు చిప్పలు, అంతే. సుమారు 140 డిగ్రీల దృశ్యాన్ని చదును పలకపై గీతలు వంగకుండా నిలిపేది. అర్ధకోణం 70 డిగ్రీలంటే నాలుగో ఘాతపు లెక్కలో అంచుకు అందేది మధ్యలోని వెలుగులో 73వ వంతు. 6 స్టాపులకు పైన. ఏ పలకా భరించలేని తేడా ఇది.

దీనికి వారు చేసిన ఉపాయం ముచ్చటైనది. కటకం ముందు నక్షత్రాకారపు చిన్న రేకుచక్రాన్ని అమర్చారు. రబ్బరు బుడ్డిని నొక్కితే గాలి తగిలి అది గిరగిర తిరుగుతుంది. చక్రం నడుమ వెడల్పుగా, కొసల్లో సన్నగా ఉండడం వల్ల మధ్యకు పోయే కాంతికి ఎక్కువసేపు అడ్డుపడుతుంది, అంచులకు పోయే కాంతికి తక్కువసేపు. చిత్రణ కాలంలో ఎక్కువ భాగం చక్రం తిరుగుతూ ఉండాలి. చివర దాన్ని పక్కకు తప్పించి మధ్యభాగానికి కావలసిన కాసింత వెలుగు ఇవ్వాలి. సెంటర్ ఫిల్టర్‌కు ఇది పూర్వరూపం. వెలుగును పెంచలేనిచోట ఎక్కువగా ఉన్న భాగాన్ని తగ్గించి సమం చేయాలన్న సూత్రం అప్పటి నుంచి మారలేదు.

తర్వాతి రూపాల్లో కదిలే భాగం పోయింది. నడుమ మందంగా, అంచులకు పలచబడే బూడిదరంగు గాజును తేటగాజుతో అతికించి చదును పలకగా చేయడం ఒక పద్ధతి. తేటగాజుపై నడుమ చిక్కగా, పోనుపోను పలచగా లోహపు పూత వేయడం మరొకటి. 1969 ప్రాంతంలో వచ్చిన జైస్ హోలోగాన్ 15 మిల్లీమీటర్ల కటకానికి ఇటువంటి ఫిల్టర్ జతగా ఉండేది. అది తగిలిస్తే ఎఫ్ 8 కటకం వాడుకలో ఎఫ్ 16 అయ్యేది. పెద్ద పలక కెమెరాల కోసం ష్నైడర్, రోడెన్‌స్టాక్ సంస్థలు తయారుచేసిన సెంటర్ ఫిల్టర్లకు సాధారణంగా ఒకటిన్నర నుంచి 2 స్టాపుల అదనపు వెలుగు కావాలి. అవి కూడా నష్టాన్ని పూర్తిగా తీర్చవు, సహించదగిన స్థాయికి తెస్తాయి. పైగా రంధ్రాన్ని ఎఫ్ 16, ఎఫ్ 22 వంటి చిన్న పరిమాణానికి తగ్గిస్తేనే ఫిల్టర్ లెక్క ప్రకారం పనిచేస్తుంది. పెద్ద రంధ్రంలో ఒక్కొక్క బిందువుకూ పోయే కిరణాలు ఫిల్టర్‌లోని చిక్కని, పలచని భాగాలు రెండింటి గుండా పోతాయి కనుక సవరణ కలగాపులగమవుతుంది. బూడిదరంగులో ఏమాత్రం వేరే ఛాయ కలిసినా రంగుల చిత్రంలో మధ్యకూ అంచుకూ వర్ణభేదం వస్తుంది. కుడ్యచిత్రాల వర్ణాలపై పనిచేసేవారికి ఇది గమనార్హం.

కటకాన్నే మార్చే మార్గం వేరుగా సాగింది. సోవియట్ శాస్త్రవేత్త రూసినోవ్ 1940లలో, స్విట్జర్లాండ్‌లో లుడ్విగ్ బెర్టెలె 1950ల నాటికి రూపొందించిన కటకాల్లో ముందూ వెనుకా పెద్ద చిప్పలుంటాయి. పక్కనుంచి చూసినా రంధ్రం సన్నబడదు. దీనివల్ల నష్టం నాలుగో ఘాతం నుంచి దాదాపు మూడో ఘాతానికి దిగుతుంది. 45 డిగ్రీల వద్ద నాలుగో వంతుకు బదులు 35 శాతం వెలుగు మిగులుతుంది. సూపర్ యాంగ్యులాన్ వంటి పెద్ద పలక కటకాలు ఈ వంశానివే. ఈ పరిశోధనకు ప్రధాన ప్రేరణ విమానం నుంచి తీసే భూమాపన చిత్రాలు. పటంలో మూలనున్న పొలంగట్టు మధ్యనున్న గట్టంత స్పష్టంగా ఉండాలి గనుక అక్కడ ధనం వెచ్చించారు. దేవాలయాల కోసం ఎవరూ ఇంత చేసి ఉండరు. ఫలితం మాత్రం దేవాలయాలకూ దక్కింది.

చీకటి మండపం, పైకెత్తిన కటకం

ఎండలో నిలిచిన భవనానికి సెంటర్ ఫిల్టర్ చిన్న ఖర్చు. చీకటి మండపంలో అది పెద్ద ఖర్చు. మూడు రెట్ల వెలుగు కావాలంటే ఒక నిమిషం తెరవవలసిన కటకాన్ని మూడు నిమిషాలు తెరవాలని అంకగణితం చెబుతుంది. ఫిల్ము అలా ఒప్పుకోదు. కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1900 ప్రాంతంలో నక్షత్రచిత్రాల విషయంలో నిరూపించినట్లు, వెలుగు బాగా తక్కువైనప్పుడు కాలాన్ని పెంచినంత మాత్రాన ఫలితం ఆ నిష్పత్తిలో పెరగదు. మూడు నిమిషాలు ఆరో, పదో కావచ్చు. ప్రదక్షిణం ఆగని మండపంలో అంతసేపు కెమెరా అదరకుండా ఉండాలి.

అయితే ఇదే న్యాయం ఫిల్టర్ లేనప్పుడు ఇంకా క్రూరంగా పనిచేస్తుంది. దీర్ఘ చిత్రణలో మసక భాగాలు వెలుగు భాగాల కంటే ఎక్కువగా నష్టపోతాయి. రెండు స్టాపుల జ్యామితీయ నష్టం పలకపైకి వచ్చేసరికి అంతకు మించుతుంది. ఫిల్టర్ ఎక్కడ అత్యవసరమో అక్కడే భారమవుతున్నది. అరసవల్లిలో ఏడాదికి రెండు పర్యాయాలు సూర్యకిరణం ద్వారాల వరుస గుండా వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతుంది. కట్టినవారికి అక్షం మీది వెలుగు కావాలి, పక్కల చీకటితో వారికి పేచీ లేదు. ఛాయాగ్రాహకునికి ఆ పక్కలే కావాలి.

బయటి కట్టడాల్లో చిక్కు వేరు రూపంలో వస్తుంది. వంశధార ఒడ్డున ముఖలింగంలో మధుకేశ్వరాలయ శిఖరాన్ని ప్రాకారం లోపలి నుంచి తీయాలంటే కెమెరాను పైకి వంచకూడదు. వంచితే నిలువుగీతలు పైకి పోనుపోను దగ్గరై శిఖరం వెనక్కి వాలినట్లు వస్తుంది. పలకను నిలువుగానే ఉంచి కటకాన్ని మాత్రం పైకి జరుపుతారు. పెద్ద పలక కెమెరాలోని ఈ సౌకర్యం వాస్తుచిత్రణకు ప్రాణం వంటిది. కానీ కటకం అక్షం ఇప్పుడు చిత్రం నడుమ లేదు. అది దిగువన, కెమెరా ఎత్తుకు సరిపోయే చోట, అధిష్ఠానం దగ్గర పడుతుంది. శిఖరాగ్రం అక్షానికి ఎంతో దూరాన ఉంటుంది. ఫలితంగా అధిష్ఠానం వెలుగులో, ఆమలకం మసకలో వస్తాయి. పైన ఆకాశం కూడా ముదురుతుంది. ఆకాశం పైకి పోయేకొద్దీ ముదరడం సహజమే గనుక చూసేవారు అనుమానించరు. శిఖరభాగపు రాయి వేరని, నాచుపట్టిందని, అధిష్ఠానం తర్వాతి కాలపు మరమ్మతని ఇటువంటి చిత్రం ఆధారంగా ఎవరైనా అంటే ఆ మాటను నిలిపి చూడాలి. సెంటర్ ఫిల్టర్ కటకానికే బిగించి ఉంటుంది కనుక అక్షంతోపాటే జరుగుతుంది, సవరణ సరైన చోటనే పడుతుంది. చీకటిగదిలో చిత్రం నడుమను కేంద్రంగా తీసుకొని చేసే సవరణకు ఈ సుగుణం లేదు.

విజయనగరం సమీపంలోని రామతీర్థం కొండల శిథిలాల తీరు మరొకటి. గురుభక్తకొండ, దుర్గకొండల మీది బౌద్ధ విహారాలపై అలెగ్జాండర్ రే నివేదిక పురావస్తుశాఖ 1910-11 వార్షిక నివేదికలో ఉంది. గురుభక్తకొండ శిథిలాలు కొండరాతి గోడకూ వాలుకూ నడుమ ఇరుకైన అరుగుపై ఉన్నాయి. వెనక్కి జరిగితే లోయ. అటువంటి చోట పొడవైన పునాది వరుసను ఒక్క చట్రంలో పట్టాలనుకుంటే పక్కలు మసకబారక తప్పదు.

మసకను గుర్తించడం

ఫలకంలోని చీకటి కటకానిదా, దీపానిదా, రాతిదా అన్నది చాలావరకు ఆకారాన్ని బట్టి చెప్పవచ్చు. కటకం తెచ్చే మసక అక్షం చుట్టూ వలయంగా, అన్ని దిక్కులా ఒకే లెక్కన సాగుతుంది. రాతి పగుళ్లనూ అతుకులనూ లెక్కచేయకుండా వాటి మీదుగా పోతుంది. అక్షరాలు లేచి కనిపించడానికి పక్కనుంచి పెట్టిన దీపం వల్ల కలిగే మసక ఒకే దిక్కుకు పెరుగుతుంది, దీపం వైపు అక్షరాల నీడలు పొట్టిగా, దూరాన పొడుగ్గా ఉంటాయి. అరుగుదల రాతిపొరను అనుసరిస్తుంది. ఈ మూడూ ఒకే మూలలో కలిసినప్పుడే అసలు ఇబ్బంది. స్తంభం పైభాగంలో దీపానికి దూరంగా ఉన్న మూల అటువంటిది, శకసంఖ్య చాలాసార్లు అక్కడే ఉంటుంది.

నేటి సాంఖ్యిక కెమెరాలతో ఈ సమస్య తీరిపోయిందన్న అభిప్రాయం ఉంది. కంప్యూటరులో అంచులను కావలసినంత వెలిగించవచ్చు. చిత్రం మొత్తం సమానంగా కనిపిస్తుంది. కానీ నాలుగో వంతు కాంతి చేరిన చోట సమాచారం కూడా తక్కువే చేరుతుంది. కాంతి కణాల సహజ హెచ్చుతగ్గుల వల్ల కలిగే రణగొణ ఆ భాగంలో మధ్యతో పోలిస్తే నిష్పత్తిలో రెట్టింపు. నాలుగింతలు హెచ్చించినప్పుడు అక్షరంతోపాటు ఆ రణగొణా హెచ్చుతుంది. రాతి గరుకుతనంలో కలిసిపోయే ఆ చుక్కల్లో సున్నను చూడడం గానీ, ఉన్న సున్నను చుక్క అనుకోవడం గానీ కష్టం కాదు. పాత ఫలకంలో అంచు నల్లగా ఉండేది గనుక చదువరి జాగ్రత్తపడేవాడు. సవరించిన చిత్రం ఆ హెచ్చరికను కూడా తుడిచేస్తుంది. పాత గాజుపలకలను స్కాను చేసి వెలిగించి వాడుతున్న సందర్భాల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అక్కడ వక్రరేఖ పాదభాగంలోనే తేడా పోయింది, వెలిగించడం వల్ల కనిపించేది వెండిరేణువుల అమరిక మాత్రమే. సెంటర్ ఫిల్టర్‌తో తీసిన చిత్రంలో మధ్యా అంచూ రెండూ దాదాపు ఒకే పేదరికంలో ఉంటాయి. ఎక్కువసేపు తెరిచి ఆ పేదరికాన్ని తీర్చవచ్చు. సాక్ష్యంగా అది మేలైనది.

ట్రైప్ పద్ధతి ఇప్పుడు ఖరీదైనది కాదు. శ్రీకూర్మం స్తంభం ముఖాన్ని కెమెరా ఎత్తు మార్చుతూ, పైపంక్తులు, నడిమిపంక్తులు, కిందిపంక్తులు వంతులవారీగా మధ్యకు వచ్చేటట్లు మూడు నాలుగు చిత్రాలుగా తీస్తే 2 మీటర్ల శాసనం 1 మీటరు జాగాలోనే అక్షానికి దగ్గరగా దొరుకుతుంది. పై ఉదాహరణలో నాలుగు భాగాలు చేస్తే ఒక్కొక్క భాగం అర్ధకోణం 14 డిగ్రీలు, అంచున మిగిలే వెలుగు సుమారు 89 శాతం. మొత్తం ముఖాన్ని చూపే ఒక్క విశాలకోణ చిత్రం కూడా ఉండాలి, శాసనం శిల్పంలో ఎక్కడుందో చెప్పేది అదే. ఆ చిత్రాన్ని ప్రకటించేటప్పుడు ప్రతిముద్ర సంఖ్యతోపాటు నాభ్యంతరం, కెమెరా దూరం, కటకాన్ని ఎంత పైకి జరిపారు, సెంటర్ ఫిల్టర్ ఉన్నదా, కంప్యూటరులో అంచులను వెలిగించారా అన్న వివరాలు ఒక్క పంక్తిలో ఇవ్వవచ్చు. చదరపు కుండలీకరణాల్లో పెట్టిన సందిగ్ధాక్షరం రాతిపై సందిగ్ధమో, చిత్రంలో సందిగ్ధమో తేల్చుకోవడానికి తర్వాత చదివేవారికి ఆ పంక్తి అవసరమవుతుంది.